"పరిమితిలోనే ఉంది" అంటున్నారు. ఏ సైనైడ్, ఎక్కడ కొలిచింది?

గట్టుగడ్డి · సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. బంగారు గనుల టెయిలింగ్ పాండ్ల మీద, అంటే బంగారం తీశాక మిగిలే రాతిపొడి బురదను (టెయిలింగ్స్‌ను) నింపే చెరువుల మీద, కొత్త నియమావళి ముసాయిదా ఒకటి అభిప్రాయాల కోసం పెట్టారు. మా చిన్న బృందం తరఫున జవాబు రాసే పని నా నెత్తిన పడింది. నేను జమాఖర్చులు చూసుకునే మనిషిని. రసాయన శాస్త్రాన్ని బడిలోనే వదిలేశాను.

ముసాయిదాలో సైనైడ్ గురించి ఉన్నది ఒక్క వాక్యం: "టెయిలింగ్ పాండ్‌లో సైనైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించరాదు." దానికి తోడు ఒక గని వార్షిక నివేదిక కూడా నా ముందుంది. పన్నెండు నెలలకు పన్నెండు అంకెలు, ప్రతి అంకె పక్కన "పరిమితిలోనే ఉంది" అని. ఒక్క నెలలో కూడా 31 దాటలేదు, 27కు దిగలేదు. ఎండాకాలంలోనూ అంతే, వానల్లోనూ అంతే. జమాఖర్చుల్లో ఇంత నున్నగా ఉన్న పుస్తకం కనిపిస్తే నేను మొదట రసీదులు అడుగుతాను. ఇక్కడ ఏం అడగాలో తెలియడం లేదు. అసలు ఈ 50 ఎక్కడి నుంచి వచ్చింది?

గోధుమసీసా · సోమవారం, ఉదయం 9:05

"సైనైడ్" అని ఊరికే రాసి వదిలేశారా? అయితే అది సగం నియమమే. పదకొండేళ్లుగా ప్రయోగశాలలో ఈ నీళ్లే పరీక్షిస్తున్నాను. "సైనైడ్ చూడండి" అని చీటీ అంటించిన సీసా వస్తే మేం మొదట ఫోను చేసి అడిగేది "ఏ సైనైడ్?" అనే.

కొలతలు మూడు. ఫ్రీ సైనైడ్ అంటే ఏ లోహంతోనూ ముడిపడనిది. చేపనైనా మనిషినైనా చంపేది ఇదే. వ్యాడ్ సైనైడ్ అంటే ఫ్రీతో పాటు రాగి, జింకు, నికెల్ వంటి లోహాలతో వదులుగా ముడిపడి, కాస్త ఆమ్లం తగలగానే విడిపోయేది కూడా. దీన్ని పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత; 7కు దిగువన ఆమ్లం, పైన క్షారం) 4.5 దగ్గర స్వేదనం చేసి చూస్తాం. మొత్తం సైనైడ్‌లో ఇనుముతో గట్టిగా ముడిపడినది కూడా చేరుతుంది. దాన్ని విడదీయాలంటే బలమైన ఆమ్లంలో మరిగించాలి.

ఒకే సీసాలోని నీళ్లకు ఫ్రీ 8, వ్యాడ్ 40, మొత్తం 95 రావచ్చు. ఇప్పుడు మీ ముసాయిదా వాక్యం ముందు ఈ సీసా పెట్టండి. పాసా, ఫెయిలా?

పాతమిల్లు · సోమవారం, ఉదయం 10:22

అమ్మా గోధుమసీసా, చెప్పింది సరిగ్గానే చెప్పారు. అయితే "చంపేది ఇదే" అని చదివి జనం బెదిరిపోకముందే మిల్లు వైపు మాట కూడా ఉండాలి.

సైనైడ్ లేకుండా ఆ రాయిలోంచి బంగారం రాదు. టన్ను రాయిలో ఒకటి రెండు గ్రాములు ఉండే బంగారాన్ని పలచటి సైనైడ్ నీళ్లు, గాలిలోని ఆక్సిజన్ కలిసి కరిగిస్తాయి. ఆ నీళ్లకు ఎప్పుడూ సున్నం కలిపి పీహెచ్ 10.5 దగ్గర నిలబెడతాం. కారణం సులువు. పీహెచ్ 9.2 దగ్గర సైనైడ్‌లో సగం హైడ్రోజన్ సైనైడ్ వాయువుగా మారుతుంది, 7 దగ్గరికి వస్తే దాదాపు అంతా. 26 డిగ్రీలకే మరిగే పదార్థం అది. కాబట్టి సున్నం బస్తా తరిగితే ముందు పోయేది మిల్లులోని మా ప్రాణాలే. ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. సైనైడ్ తొట్టి పక్కన అజాగ్రత్తగా నిలబడ్డవాణ్ణి చూడలేదు. అజాగ్రత్త అంతా గొట్టం అవతలి చివర, పాండ్ దగ్గర మొదలవుతుంది. అక్కడ మిల్లు వాళ్లు ఉండరు కదా.

పిచ్చుకగూడు · సోమవారం, మధ్యాహ్నం 1:15

50 ఎక్కడిదో నాకు తెలుసు. అది పక్షుల అంకె.

రాత్రి పూట ఎగురుతూ వచ్చే వలస పక్షికి పాండ్ పైనుంచి చూస్తే మామూలు చెరువులాగే కనిపిస్తుంది. దిగుతుంది, తాగుతుంది. పాండ్ నీటిలో వ్యాడ్ సైనైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటినచోట పక్షుల మరణాలు ఎక్కువగా, దాని దిగువన చాలా తక్కువగా కనిపించడంతో ఆ గీత అక్కడ నిలిచింది. వ్యాడ్ ఎందుకంటే, పక్షి కడుపులోనే ఆమ్లం ఉంది. రాగితో ముడిపడిన సైనైడ్ బయట ఎంత బుద్ధిగా ఉన్నా లోపలికి వెళ్లాక విడిపోతుంది.

చేప సంగతి పూర్తిగా వేరు. లీటరుకు 50 మైక్రోగ్రాముల ఫ్రీ సైనైడ్ చాలా జాతుల చేపలను చంపేస్తుంది. మిల్లీగ్రాములు కాదు, మైక్రోగ్రాములు. అంటే వెయ్యో వంతు. 5 మైక్రోగ్రాముల దగ్గరే కొన్ని చేపలు సరిగా ఈదలేవు, గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. పాండ్ మీద పక్షికి పనికొచ్చిన అంకెను చూపించి వాగు కూడా భద్రంగా ఉందనుకోవడం ఎక్కడ చూసినా ఉంది.

ఉపనిబంధన · సోమవారం, రాత్రి 8:48

పిచ్చుకగూడు గారు చెప్పిన తేడానే మంచి నియమావళులు ఒప్పుకుంటాయి. అంతర్జాతీయ సైనైడ్ నిర్వహణ నియమావళిలో మూడు అంకెలు, మూడు చోట్లు ఉన్నాయి. పాండ్‌లో బయటకు కనిపించే నీటికి వ్యాడ్ 50 మిల్లీగ్రాములు. నేరుగా వాగులోకి వదిలే నీటికి వ్యాడ్ 0.5. వాగులో ఆ నీరు కలిసిపోయే మేర దాటాక ఫ్రీ 0.022. కాకపోతే అది కంపెనీలు ఇష్టపడి చేరే ఏర్పాటు, చట్టం కాదు. మూడేళ్లకోసారి బయటి ఆడిటర్ వస్తాడు.

యూరోపియన్ యూనియన్ 2006 నాటి గని వ్యర్థాల ఆదేశంలో ఇంకా గట్టిగా బిగించింది. పాత పాండ్లకు 2008 మే 1 నుంచి వ్యాడ్ 50, 2013 మే నుంచి 25, 2018 మే నుంచి 10. ఆ 2008 తేదీ తర్వాత అనుమతి పొందినవాటికి మొదటి రోజు నుంచే 10. అంకెల కంటే నాకు నచ్చింది కొలిచే చోటు. పాండ్ మధ్యలో కాదు, మిల్లు నుంచి టెయిలింగ్స్ పాండ్‌లో పడే గొట్టం చివర కొలవాలి.

దీని ఫలితం చూడండి. పాండ్‌లో కొలవమంటే కంపెనీ ఎండను, గాలిని, వానను నమ్ముకుంటుంది. కలిసి పలచబడిన నీటిని కొలుస్తుంది. గొట్టం చివర కొలవమంటే మిల్లులోనే సైనైడ్‌ను విరగ్గొట్టే యంత్రం పెట్టక తప్పదు. ఒక్క పదం మారిస్తే పెట్టుబడి మారిపోతుంది.

గట్టుగడ్డి · సోమవారం, రాత్రి 9:30

నాకు అర్థమైంది చెబుతాను, తప్పయితే దిద్దండి. అంకె ఒక్కటే చాలదు. ఏ రకం, ఏ చోట అన్నవి కూడా దానికి కట్టి ఉండాలి. మా ముసాయిదాలో రెండూ లేవు.

అయినా ఒక సందేహం. పాండ్‌లోంచి నీరు బయటకే పోకపోతే, అంటే అంతా తిరిగి మిల్లుకే తోడుకుంటే, ఇంత గొడవ ఎందుకు? ఈ గని "బయటకు చుక్క వదలం" అని గర్వంగా రాసుకుంది.

అలుగు · సోమవారం, రాత్రి 11:55

ఆ మాట చదివి నిద్ర పట్టక రాస్తున్నాను. కట్టలు కట్టడమే నా పని.

2000 జనవరి 30 రాత్రి, రొమేనియాలో బాయా మారే. ఊరి పక్కనున్న పాత టెయిలింగ్ దిబ్బను తవ్వి, అందులో మిగిలిన బంగారాన్ని సైనైడ్‌తో తీసి, మిగతాది దూరంగా కొత్త పాండ్‌లో నింపే పథకం. అంటే ఒక రకంగా శుభ్రం చేసే పనే. నీరంతా తిరిగి మిల్లుకే వెళుతుంది, చుక్క బయటకు పోదు అన్నారు. ఆ మాటను నమ్మి పాండ్‌కు అలుగు పెట్టలేదు. నీరు మీదికొస్తే పోవడానికి దారి లేదు, పోయేముందు శుద్ధి చేసే ఏర్పాటూ లేదు. కట్టను టెయిలింగ్స్‌లోని ముతక ఇసుకతోనే ఏటికేడు పెంచుకుంటూ పోవాలని రూపకల్పన. చలికాలంలో ఆ పని సాగక కట్ట పెరగలేదు. మంచు కరిగింది, పైనుంచి వాన పడింది. నీరు కట్ట మీదుగా పొర్లి సుమారు 25 మీటర్ల గండి పడింది. లక్ష ఘనపు మీటర్ల నీరు, అందులో 50 నుంచి 100 టన్నుల సైనైడ్ ఉంటుందని అంచనా. సోమేష్ నదిలో పడి, టిస్సాలోకి పోయి, డాన్యూబ్‌లో కలిసింది. నాలుగు వారాల తర్వాత నల్ల సముద్రం దగ్గర కూడా ఆ జాడ పట్టుకున్నారు. ఒక్క హంగరీ లెక్కలోనే 1,200 టన్నులకు పైగా చేపలు చచ్చాయి.

అలుగు లేని చెరువు ఏనాటికైనా తన అలుగును తానే తెంచుకుంటుంది. మామూలు నీటి చెరువు కట్టేవాడికి తెలిసిన సంగతే ఇది.

కాబట్టి "బయటకు చుక్క వదలం" అన్న మాట కనిపిస్తే మూడు అడగండి. ఎంత వాన కురిస్తే ఆ మాట నిలబడదు? ఫ్రీబోర్డు ఎంత, అంటే నీటి మట్టానికి కట్ట తలకు మధ్య ఎంత ఖాళీ, దాన్ని ఏ రోజు ఎవరు కొలిచారు? ఆ ఖాళీ అయిపోయే వేళకు అదనపు నీటిని శుద్ధి చేసి వదిలే యంత్రం సిద్ధంగా ఉందా?

ఇంకొకటి. గండి ఎప్పుడూ పైనుంచే పడదు. 1995 ఆగస్టు 19న గయానాలోని ఒమాయ్‌లో కట్ట లోపలి నుంచి పోయింది. గర్భంలోని మెత్తటి మట్టి బయటి రాళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా జారిపోయింది. మధ్యలో అడ్డుపడాల్సిన వడపోత పొర ఆ పని చేయలేదు. పైనుంచి చూసేవాడికి ముందురోజు దాకా కట్ట కట్టలాగే ఉంది.

ఒకేమాట · మంగళవారం, ఉదయం 6:20

ఇన్ని అంకెలు, ఇన్ని అలుగులు ఎందుకు? నిషేధించండి. హంగరీ 2009లో నిషేధించింది. అమెరికాలోని మాంటానా 1998లో ప్రజల ఓటుతో కొత్త బహిరంగ గనుల్లో సైనైడ్ వాడకాన్ని ఆపేసింది. 2010 మేలో యూరోపియన్ పార్లమెంటే పూర్తి నిషేధం కావాలని తీర్మానం చేసింది. నగలకు, బ్యాంకుల నేలమాళిగలకు వెళ్లే లోహం కోసం నదులను పణంగా పెట్టాలా?

పాతమిల్లు · మంగళవారం, ఉదయం 7:02

నిషేధిస్తే బంగారం తవ్వకం ఆగదు, చేతులు మారుతుంది. చిన్న తవ్వకందారు పాదరసం పట్టుకుంటాడు. సైనైడ్‌కు ఎండ తగిలితే, సూక్ష్మజీవులు తగిలితే విరుగుతుంది, చేప ఒంట్లో పేరుకోదు. పాదరసం అట్లా కాదు, తరాల పాటు ఉంటుంది. సైనైడ్‌కు బదులు థయోసల్ఫేట్ అనే రసాయనం ఉంది కదా అంటారు. నెవాడాలో గోల్డ్‌స్ట్రైక్ గని ఒక రకం రాయికి దాన్ని కొన్నేళ్లు వాడింది, నిజమే. అన్ని రాళ్లకూ పనికిరాదు. తీర్మానం సంగతి చెప్పారు. దాని మీద యూరోపియన్ కమిషన్ నిషేధం తేలేదన్న సంగతి చెప్పలేదు.

ఒకేమాట · మంగళవారం, ఉదయం 7:15

ముప్పై ఒక్క ఏళ్లు జీతం తిన్నవారి నుంచి వేరే మాట వస్తుందనుకోలేదు.

నిర్వాహకులు · మంగళవారం, ఉదయం 8:00

వాదన మీద వాదించండి, మనిషి మీద కాదు. నిషేధం మీద మాట్లాడాలనుకుంటే విడిగా చర్చ తెరవండి. గట్టుగడ్డి గారు అడిగింది ముసాయిదా గురించి.

ఒకేమాట · మంగళవారం, ఉదయం 8:40

జీతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒకటి అడుగుతాను, పాతమిల్లు గారు నిజాయితీగా చెప్పాలి. నిషేధించిన తర్వాత కూడా ఇప్పటికే నిండిన పాండ్లు అక్కడే ఉంటాయి, ఒప్పుకుంటాను. అందుకే ఈ నియమావళి మీద నాకూ ఆసక్తి ఉంది. మీ మిల్లులో విరగ్గొట్టే యంత్రం ఆగిన రోజు లేదా?

పాతమిల్లు · మంగళవారం, రాత్రి 10:10

పొద్దున్నే జవాబు రాయబోయి ఆగాను. సాయంత్రం దాకా ఆలోచించాను.

ఉంది. ఏ గనో చెప్పను, అడగొద్దు.

ముందు యంత్రం సంగతి. మాది సల్ఫర్ డయాక్సైడ్, గాలి కలిపి సైనైడ్‌ను సయనేట్‌గా మార్చే పద్ధతి. పీహెచ్ 8, 9 మధ్య ఉండాలి, కొంచెం రాగి ఉత్ప్రేరకంగా ఉండాలి. లెక్క ప్రకారం గ్రాము సైనైడ్‌కు దాదాపు రెండున్నర గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ కావాలి. నిజంగా నడిపితే అంతకు మించే పడుతుంది. మేం వాయువు కాకుండా సోడియం మెటాబైసల్ఫైట్ పొడి వాడేవాళ్లం. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఒక రాత్రి రెండింటికి కాపర్ సల్ఫేట్ పంపు గొట్టం గడ్డకట్టి మూసుకుపోయింది. నీలంగా, కలకండ పలుకుల్లా గొట్టం మూతికి అంటుకుని ఉంది. నా చేత్తోనే గీకాను. సరిచేసేసరికి ఆరు అయింది. ఆ నాలుగు గంటలు మిల్లు ఆపలేదు. ఆపాలంటే పైవారిని నిద్ర లేపాలి, ఆపితే టన్నులు పోతాయి. మేం నమూనా తీసేది రోజూ ఉదయం ఎనిమిదింటికి. ఎనిమిదింటికి అంతా సక్రమం. రిజిస్టరులో నేనే సంతకం పెట్టాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు, ఆ రాత్రి మాత్రం అందులో లేదు.

కాబట్టి గట్టుగడ్డి బాబూ, నీ జవాబులో ఇది రాయి. రోజుకొక నమూనా కాదు. గొట్టం చివర గంట గంటకూ కొలిచే మీటరు ఉండాలి. అంకె దాటితే టెయిలింగ్స్ పంపు తనంతట తానే ఆగాలి. రాత్రి రెండింటికి మనిషి ధైర్యం మీద ఆధారపడే నియమం పెట్టొద్దు.

ఒకేమాట · మంగళవారం, రాత్రి 10:31

నమస్కారం పెడుతున్నాను, పెద్దాయనా.

గోధుమసీసా · బుధవారం, ఉదయం 9:20

పాతమిల్లు గారి మాటకు కొసరు. మంచి మీటరు పెట్టినా చివరకు కోర్టులో నిలిచేది సీసాలోని నమూనానే. సైనైడ్ నమూనా ఐసు ముక్క లాంటిది, దారిలోనే కరిగిపోతుంది.

తీసిన వెంటనే సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్ 12 దాటించాలి, లేకపోతే ఆవిరైపోతుంది. గోధుమరంగు సీసాలో పెట్టాలి, లేకపోతే వెలుతురుకు ఇనుము సైనైడ్ విడిపోతుంది. 4 డిగ్రీల చలిలో ఉంచాలి. సల్ఫైడ్ ఉంటే ముందే తీసేయాలి. లెడ్ అసిటేట్ కాగితం ముంచి నల్లబడిందా అని చూస్తాం. క్లోరిన్ మిగిలి ఉంటే దాన్ని కూడా చంపాలి, లేకపోతే సీసాలోనే సైనైడ్‌ను తినేస్తుంది. ఇంతా చేసి పద్నాలుగు రోజుల్లో పరీక్ష పూర్తి కావాలి.

తెల్లటి నీళ్ల సీసాలో, ఎండలో పెట్టిన జీపులో, మూత సగం వదులుగా వచ్చిన నమూనాలు నేను తీసుకున్నాను. వాటిలో సైనైడ్ "లేదు" అని తేలుతుంది. నిజంగానే లేదు, దారిలో పోయింది. నియమావళిలో నమూనా తీసే పద్ధతి రాయకపోతే తక్కువ అంకెలు కావాలనుకున్నవారు మోసం కూడా చేయనక్కర్లేదు. అశ్రద్ధగా ఉంటే చాలు.

గట్టుగడ్డి · బుధవారం, ఉదయం 9:55

లెడ్ అసిటేట్ కాగితం నల్లబడటం దగ్గరే నాకు కొంచెం తల తిరిగింది కానీ, పద్నాలుగు రోజులు మాత్రం రాసుకున్నాను. తేదీలు నా భాష.

గని మూసేశాక ఏమవుతుంది? ముసాయిదాలో ఆ భాగం రెండు పంక్తులు: మట్టి కప్పి మొక్కలు నాటాలి అని.

ఊటబావి · బుధవారం, మధ్యాహ్నం 2:40

మొక్కలు నాటితే ఫొటో బాగుంటుంది. నేను భూగర్భజలాల మనిషిని కాబట్టి కింది వైపు చూస్తాను.

పాండ్ పై నీటిలో సైనైడ్ కొన్ని వారాలు, నెలల్లో తగ్గిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పీహెచ్ దిగుతుంది, హైడ్రోజన్ సైనైడ్ ఎగిరిపోతుంది, ఎండ కొంత పని చేస్తుంది. పైన మంచు గడ్డకట్టే చోట్ల చలికాలమంతా ఈ పని ఆగిపోతుంది. అడుగున ఉన్న బురదలోకి వెలుతురు వెళ్లదు, గాలి వెళ్లదు. రేణువుల మధ్య చిక్కుకున్న నీటిలో సైనైడ్ ఏళ్ల తరబడి ఉంటుంది, ఊటగా దిగుతుంది. అడుగున హెచ్‌డీపీఈ పొర, అంటే మందపాటి ప్లాస్టిక్ పొర, వేశామంటారు. ఒకే పొర వేస్తే అది చిరిగిందని మొదట చెప్పేది కింది బావి. రెండు పొరలు వేసి, మధ్యలో ఊటను పట్టే కాలువ పెడితే పొర చిరిగిన సంగతి బావి కంటే ముందే తెలుస్తుంది.

ఒక మూసేసిన పాత పాండ్ కట్ట అడుగున మట్టి మీద నీలి మరక చూశాను. బట్టలకు పెట్టే నీలిమందు రంగు. ఇనుము సైనైడ్ గడ్డకట్టి అట్లా అవుతుంది. ఆ రంగులో, ఆమ్ల గుణమున్న మట్టిలో అది కదలదు, పెద్ద ప్రమాదమూ కాదు. శుభ్రం చేసే కాంట్రాక్టరు సైనైడ్ అనగానే సున్నం గుర్తుకొచ్చి ఆ మేరంతా సున్నం చల్లించాడు. మిల్లులో సున్నం ప్రాణం కాపాడుతుంది. ఇక్కడ క్షార గుణం పెరిగేసరికి నీలి మరక కరిగి కదిలింది. తర్వాతి వానలకు దిగువ పరిశీలన బావిలో మొత్తం సైనైడ్ పెరిగింది. ఫ్రీ సైనైడ్ మాత్రమే కొలిచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ నీరు తర్వాత ఎండలోకి వాగుగా వచ్చినప్పుడు ఇనుము వదిలేస్తే అదే ఫ్రీ అవుతుంది. అందుకని బావుల్లో మూడు రకాలూ కొలవాలి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. వాగులో సైనైడ్ పడిందనగానే బ్లీచింగు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫెర్రస్ సల్ఫేట్ కుమ్మరించాలనిపిస్తుంది. కుమ్మరించకూడదు. అవి కూడా చేపలను చంపుతాయి. పైన ఉపనిబంధన గారు చెప్పిన అంతర్జాతీయ నియమావళి కూడా పారే నీటిలో వాటిని వాడవద్దనే అంటుంది. ఒడ్డు మీద, తొట్టిలో ఉండగానే వాడాలి.

పిచ్చుకగూడు · బుధవారం, సాయంత్రం 4:05

సైనైడ్ పోయాక ఏం మిగిలిందో కూడా కొలవమనండి. సయనేట్ విరిగితే అమ్మోనియా వస్తుంది, చేపకు అదీ విషమే. సైనైడ్ గంధకంతో కలిసి ఏర్పడే థయోసయనేట్ ఉంటుంది. ముడి విడిపోయిన రాగి ఉంటుంది. "సైనైడ్ సున్నా" అన్న నీటిలో చేపలు బతకకపోవడానికి నాకు తెలిసిన కారణాలు ఈ మూడే.

ఉపనిబంధన · బుధవారం, రాత్రి 9:15

ఊటబావి గారు చెప్పినదంతా చేయడానికి డబ్బు కావాలి. గని మూతపడ్డ రోజున ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది అన్నదే నా ఒకే ఒక్క ప్రశ్న.

కొలరాడోలో సమిట్‌విల్ గని 1986లో మొదలైంది. రాయిని కుప్పగా పోసి, పైనుంచి సైనైడ్ నీళ్లు చల్లే పద్ధతి. అడుగు పొర చలికాలంలో హడావిడిగా వేశారు. మొదలైన కొద్ది రోజులకే కారడం కనిపించింది. 1992 డిసెంబరులో కంపెనీ దివాలా తీసి వెళ్లిపోయింది. ఆ చలిలో పంపులు ఆగితే సైనైడ్ నీరు పొర్లి అలమోసా నదిలోకి పోతుంది. ప్రభుత్వ పర్యావరణ సంస్థ రాత్రికి రాత్రి పంపులు చేతికి తీసుకోవలసి వచ్చింది. శుభ్రం చేసే ఖర్చు 15 కోట్ల డాలర్లు దాటింది. కంపెనీ ముందుగా కట్టిన పూచీ సొమ్ము కోటి డాలర్లు కూడా లేదు.

పాత కథ అనుకోకండి. 2024 జూన్ 24న కెనడాలోని యూకాన్‌లో ఈగిల్ గని కుప్ప జారిపోయింది. ఆగస్టుకల్లా కంపెనీ కోర్టు నియమించిన రిసీవరు చేతిలో ఉంది. అదే ఏడాది ఫిబ్రవరిలో తుర్కియేలోని ఇలిచ్ దగ్గర చోప్లర్ గని కుప్ప జారి తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. ఇవి పాండ్లు కావు, కుప్పలు. మీ ముసాయిదా "పాండ్" అని మాత్రమే అంటే ఇవి అసలు దాని పరిధిలోకే రావు. నిర్వచనం విస్తరించమని అడగండి.

పూచీ గురించి: కంపెనీ వేసుకున్న లెక్క కాదు, బయటివారిని పెట్టి చేయిస్తే ఎంత అవుతుందో ఆ లెక్క. కంపెనీ హామీ పత్రం కాదు, దివాలా తీసినా చెక్కుచెదరని బ్యాంకు హామీ. ఏటా తిరిగి లెక్కకట్టాలి, ఎందుకంటే పాండ్ ఏటా పెరుగుతుంది. కప్పాక కూడా నీటి శుద్ధి ఎన్నేళ్లు నడుస్తుందో అన్నేళ్ల ఖర్చు అందులో ఉండాలి.

గట్టుగడ్డి · బుధవారం, రాత్రి 11:20

ఇది నా ఇలాకా. చివరి పేరా ఉన్నది ఉన్నట్టుగా పెట్టేస్తున్నాను, మీ అనుమతితో. మిగతాది రేపు రాస్తాను. ఈలోగా ఆ గనికి ఉత్తరం పంపాను: మీ పన్నెండు అంకెలు ఏ సైనైడ్, ఎక్కడ తీసింది, ప్రయోగశాల కాగితాలు ఇవ్వండి అని.

గట్టుగడ్డి · తర్వాతి వారం, శుక్రవారం, మధ్యాహ్నం 12:10

జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. కొలిచింది ఫ్రీ సైనైడ్. తీసింది పాండ్‌లో, నీటిని తిరిగి మిల్లుకు తోడే తెప్ప దగ్గర, ప్రతి నెల మొదటి సోమవారం. ప్రయోగశాల కాగితాలు నాలుగు నెలలవి జతచేశారు. నమూనా తీసిన తేదీకి, పరీక్షించిన తేదీకి మధ్య వరసగా 16, 19, 17, 22 రోజులు. పీహెచ్ పెంచి భద్రపరిచారా అన్న గడి నాలుగింటిలోనూ ఖాళీ.

గోధుమసీసా · శుక్రవారం, మధ్యాహ్నం 12:18

పద్నాలుగు రోజులు దాటితే ఆ అంకె చెల్లదు. నాలుగూ పక్కన పెట్టండి.

పాతమిల్లు · శుక్రవారం, మధ్యాహ్నం 12:50

చెల్లదు, సరే. చెల్లుతుందనే అనుకుని చూద్దాం. ఫ్రీ ఒక్కటే 30 ఉంటే వ్యాడ్ ఎంత? కాగితాల్లో రాగి అంకె ఉందా?

గట్టుగడ్డి · శుక్రవారం, మధ్యాహ్నం 12:58

ఉంది. లీటరుకు 20 మిల్లీగ్రాములు.

పాతమిల్లు · శుక్రవారం, మధ్యాహ్నం 1:06

ఒక్కో రాగి పరమాణువు మూడు సైనైడ్‌లను పట్టుకుని ఉంటుంది. బరువులో చూస్తే గ్రాము రాగికి సుమారు 1.2 గ్రాముల సైనైడ్. 20కి దాదాపు 25. ముప్పై, ఇరవై ఐదు కూడు.

గోధుమసీసా · శుక్రవారం, మధ్యాహ్నం 1:11

ఆగండి. ఫ్రీని సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్‌తో, అంటే ఆ ద్రావణాన్ని చుక్క చుక్కగా కలిపి కొలిచే పద్ధతితో, చూసి ఉంటే రాగి పట్టుకున్న దానిలో కొంత అప్పటికే ఆ 30లో కలిసి వచ్చి ఉంటుంది. నేరుగా కూడేస్తే ఒకటే సైనైడ్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఏ పద్ధతో ముందు కనుక్కోండి. ఇంకా మంచిది, అదే తెప్ప దగ్గర మరో సీసా తీసి వ్యాడ్ చూడమనండి. ఈసారి పీహెచ్ గడి నింపి పంపమనండి.

గట్టుగడ్డి · శుక్రవారం, మధ్యాహ్నం 1:25

కూడటం ఆపాను. రెండో ఉత్తరం రాస్తున్నాను.